విడిభాగం వచ్చే దారి

విశాఖ మన్యానికి ముఖద్వారమైన నర్సీపట్నానికి రైలు లేదు. ఆ ఊరి పేరు పెట్టుకున్న నర్సీపట్నం రోడ్ స్టేషను సైతం హౌరా–చెన్నై మార్గం మీద, పట్టణానికి దూరంగా ఉండిపోయింది. బియ్యం బస్తా అయినా యంత్రపు విడిభాగమైనా రోడ్డు మీదే చేరవలసిన ఇటువంటి ఊరి నుంచి పరిశీలిస్తే, సర్వర్ల మరమ్మతు చరిత్రలో లోపం బయటపడే చోటుకూ దాన్ని సరిచేసే చోటుకూ మధ్య దూరం పెరుగుతూ వచ్చిన తీరు స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగునాట కంప్యూటర్ల మరమ్మతు విద్యకు హైదరాబాదు పుట్టిల్లు. 1967లో అక్కడ ఏర్పడిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తెచ్చింది. బోర్డు మీద చెడిన చిన్న భాగాన్ని ఆసిలోస్కోపుతో వెతికి, టంకం కరిగించి తీసి, కొత్తది అతకడమే ఆ కాలంలో మరమ్మతు. వాటా తగ్గించుకోమన్న విదేశీ మారకద్రవ్య చట్టానికి ఒప్పుకోని ఐబీఎం 1978లో దేశం విడిచిపోగా, దాని యంత్రాల బాగోగులు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చాయి. మరమ్మతును పేరులోనే పెట్టుకున్న ఆ సంస్థ తరువాత సీఎంసీగా మారి రైల్వే రిజర్వేషన్ వ్యవస్థను సైతం నిర్మించింది.

చిన్న పట్టణాల దాకా సర్వరును, అంటే ఒక కార్యాలయంలోని కంప్యూటర్లన్నిటికీ సమాచారాన్ని భద్రపరచి అందించే యంత్రాన్ని, తెచ్చిన ఘట్టాలలో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణకు 1998 నవంబరు 4న ప్రారంభమైన ‘కార్డ్’ పథకం ముఖ్యమైనది. దస్తావేజులను సంపుటాలలోకి చేతిరాతతో ఎక్కించే పద్ధతి పోయి, రోజుల తరబడి ఆగవలసిన ఈసీ, అంటే ఆస్తి మీది భారాలను తెలిపే ధ్రువపత్రం, నిమిషాలలో చేతికి రావడం మొదలైంది. అయితే సర్వరు ఆగితే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమే ఆగే పరిస్థితి కూడా అప్పుడే వచ్చింది.

లోపాన్ని పట్టుకోవడంలోని మెలకువకు మెమరీని మించిన ఉదాహరణ లేదు. బెల్ ప్రయోగశాలలో పనిచేసిన రిచర్డ్ హామింగ్, తప్పు దొరకగానే యంత్రం పని వదిలేయడంతో విసిగి, 1950లో ఒక సంకేత పద్ధతిని ప్రకటించాడు. సమాచారానికి కొన్ని అదనపు బిట్లు చేర్చి తప్పు ఎక్కడుందో కనిపెట్టి దిద్దే ఆ ఉపాయమే నేటి సర్వర్లలోని ఈసీసీ మెమరీకి మూలం. దిద్దిన ప్రతి తప్పునూ యంత్రం తన చిట్టాలో రాసుకుంటుంది. ఒకే స్లాటు పేరు ఆ చిట్టాలో పదేపదే కనిపిస్తే, ఇంజినీరు సర్వరును ఆపి, ఒంట్లోని స్థిరవిద్యుత్తు భాగాలను కాల్చకుండా మణికట్టుకు ఎర్తు పట్టీ కట్టుకుని, ఆ ర్యామ్ కడ్డీనీ పక్క స్లాటులోని కడ్డీనీ తీసి, ఒకదాని చోట మరొకటి పెట్టి, కొక్కేలు టక్కుమనేదాకా నొక్కుతాడు. తప్పు కడ్డీ వెంట వెళితే చెడింది కడ్డీ. పాత స్లాటులోనే నిలిస్తే దోషం చాలావరకు బోర్డుది. అంచున మసిబారిన బంగారు పూతను పెన్సిలు రబ్బరుతో తుడిస్తేనే కుదుటపడిన యంత్రాలూ తక్కువేమీ కాదు, కంపెనీల పుస్తకాలు ఆ వైద్యాన్ని హర్షించకపోయినా.

డిస్కుల సంగతి వేరు. 1988లో బర్క్‌లీ పరిశోధకులు ప్రతిపాదించిన రెయిడ్ పద్ధతిలో సమాచారం, పోయినదాన్ని తిరిగి రాబట్టే అదనపు భాగంతో సహా, పలు డిస్కులకు పంచి ఉంటుంది కనుక, ఒకటి చెడినా పని ఆగదు. నారింజ దీపం వెలిగిన డిస్కును యంత్రం నడుస్తుండగానే లాగి కొత్తది దూర్చవచ్చు. తొందరలో పక్కనున్న మంచి డిస్కును లాగితే మాత్రం, రెండో లోటును ఓర్వలేని అమరికలో, సమాచారమంతా అందకుండా పోతుంది.

1998లోనే వచ్చిన ఐపీఎంఐ ప్రమాణం తరువాతి కూర్పులలో సర్వరు ఉష్ణోగ్రతను, ఫ్యాను వేగాన్ని, లోపాల చిట్టాను దూరం నుంచే చదివే వీలు కల్పించింది. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మొదలైన మీసేవ వంటి పౌరసేవల పథకాలతో సర్వర్లు డేటా సెంటర్లకు తరలగా, ఊళ్లలోని కార్యాలయాలకు తెర, ప్రింటరు, యూపీఎస్, నెట్‌వర్కు తీగ మిగిలాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ జిల్లాలో విద్యుత్తునూ టెలిఫోన్ లైన్లనూ తెంచినప్పుడు, దూరాన ఉన్న సర్వరు చక్కగా నడిచినా కౌంటరు దగ్గర దానితో ప్రయోజనం లేకపోయింది.

నేడు నర్సీపట్నం వంటి పట్టణంలో తెర మీద ‘కనెక్షన్ లేదు’ అన్న మాట వస్తే చేసే మొదటి పని, పక్క కంప్యూటరుకు ఉన్న తీగను పీకి దీనికి తగిలించి చూడటమే.