జెల్లీఫిష్ నుంచి ఎపిపెన్ దాకా

(ఎడిసన్‌లో తెలుగువారి కోసం కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇంటి సంగతితో మొదలుపెడతాను. రెండేళ్ళ క్రితం వేసవిలో ఎడిసన్ నుంచి అందరం కారులో బార్నెగాట్ బే వైపు వెళ్ళాం. మోకాలి లోతు నీళ్ళలో ఆడుకుంటున్న మా అమ్మాయి ఒక్కసారి కెవ్వుమంది. పిక్క మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు. ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు గుప్పెడు ఇసుక తీసి రుద్దబోతే, లైఫ్‌గార్డు పరుగున వచ్చి వద్దన్నాడు. కుట్టింది సీ నెటిల్ అనే జెల్లీఫిష్. నెటిల్ అంటే మన దురదగొండి లాంటి మొక్క.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మాట ఇంకోవైపు మళ్ళింది. మా చిన్నవాడికి పల్లీలు పడవు. స్కూల్లో వాడి పేరున ఒక ఫారం, నర్సు గదిలో ఒక ఎపిపెన్ ఉంటాయి. "రోజూ కాస్తకాస్త నాలిక్కి రాస్తూ ఉంటే అదే అలవాటైపోతుందే అమ్మాయ్, మా ఊళ్ళో పల్లీలు తినని పిల్లలెవరు?" అన్నారు అత్తగారు. "డాక్టరు వద్దన్నారండీ" అనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. చిత్రమేమిటంటే, జెల్లీఫిష్ గురించి చదువుతుంటే ఆ జవాబు దొరికింది.

ముందు ఆ కుట్టే సంగతి. మన జువాలజీ పుస్తకాల్లో వీటిని దంశకణాలు అనేవాళ్ళు. ఒక్కో కణంలో ఒక గుళిక, దాని లోపల తిరగేసి చుట్టచుట్టిన బోలు దారం ఉంటాయి. గుళికలో ఒత్తిడి సుమారు 150 బార్లు. కారు టైరులో ఉండేది రెండు మూడు బార్లు! ఏదైనా తగలగానే మూత తెరుచుకుని, ముల్లు పొడుచుకుని, దారం గుండా విషం ఎక్కుతుంది. జెల్లీఫిష్‌కి చుట్టమైన హైడ్రాలో దీన్ని జర్మన్ శాస్త్రజ్ఞులు 2006లో కొలిచారు. ముల్లు దూసుకురావడానికి పట్టిన కాలం 700 నానోసెకన్లు, అంటే సెకనులో పదిలక్షల వంతు కన్నా తక్కువ. దీనికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. జెల్లీఫిష్‌కి అసలు మెదడే లేదు. తెగిపడిన పోగు కూడా కుడుతుంది. ఒకసారి పేలిన కణం మళ్ళీ పనికిరాదు గానీ, పేలనివి చర్మం మీద ఇంకా బోలెడు మిగిలి ఉంటాయి. ఇసుకతో రుద్దితే అవీ పేలతాయి. లైఫ్‌గార్డు ఆపింది అందుకే.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 1901 వేసవిలో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ తన పరిశోధన నౌకలో అట్లాంటిక్ మీదికి బయల్దేరుతూ, చార్లెస్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంట తీసుకెళ్ళాడు. పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ అనే జీవి విషాన్ని పరీక్షించమన్నాడు. అది జెల్లీఫిష్ కాదు గానీ దగ్గర చుట్టమే. ఫ్రాన్సుకి తిరిగొచ్చాక అది దొరకక, అదే జాతి దంశకణాలున్న సీ అనిమోన్ మీద పని సాగించారు. దాని పోగుల రసాన్ని కొద్ది మోతాదులో కుక్కలకి ఎక్కించారు. తట్టుకున్న వాటికి కొన్నాళ్ళాగి మళ్ళీ ఎక్కించారు.

అది పాశ్చర్ టీకాల వెలుగులో ఉన్న కాలం. ఒకసారి కొంచెం రుచి చూసిన ఒళ్ళు రెండోసారి గట్టిపడాలి కదా! మా అత్తగారి లెక్క కూడా అదే. కానీ నెప్ట్యూన్ అనే బలమైన కుక్క మొదటి మోతాదుని తేలిగ్గా తట్టుకుంది. మూడు వారాలు దాటాక అంతే మోతాదు మళ్ళీ ఇస్తే, క్షణాల్లో ఊపిరాడక కూలబడి, 25 నిమిషాల్లో చచ్చిపోయింది. రక్షణ రాలేదు సరికదా, దానికి పూర్తిగా ఎదురు జరిగింది. గ్రీకులో ఫైలాక్సిస్ అంటే రక్షణ. దానికి వ్యతిరేకం అని 1902లో వాళ్ళు పెట్టిన పేరే అనాఫిలాక్సిస్. మా వాడి స్కూలు ఫారం మీద ఉన్న మాట అదే! ఈ పనికి 1913లో రిషేకి నోబెల్ బహుమతి వచ్చింది.

కుక్కని చంపింది ఒక్క విషం కాదు, దాని ఒంటి జ్ఞాపకం. మన ఒంట్లోనూ మాస్ట్ కణాలని, హిస్టమిన్ దట్టించుకుని కూర్చున్నవి ఉన్నాయి. పడని పదార్థాన్ని ఒంట్లోని ఐజీఈ అనే ప్రతిరక్షకాలు గుర్తుపట్టగానే అవి ఒక్కుమ్మడిగా దాన్ని కుమ్మరిస్తాయి. రక్తపోటు పడిపోతుంది, గొంతు వాస్తుంది. పోయినసారి నాలుగు దద్దుర్లతో పోయింది కదా అని ఈసారీ అలాగే పోతుందన్న హామీ లేదు.

మరి విరుగుడు? అడ్రినలిన్. దాన్ని శుద్ధమైన స్ఫటికాలుగా తీసింది జోకిచి తకమినే. జపాన్ నుంచి వలస వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1900లో, న్యూయార్క్‌లోని తన ప్రయోగశాలలో, ఉఎనకా అనే సహాయకుడితో కలిసి ఆ పని చేశాడు. మనం రోజూ ఎడిసన్ స్టేషన్లో రైలెక్కి గంటలోపు దిగే ఊరే అది. ఆ మందుని స్ప్రింగు సూదిలో పెట్టిన ఎపిపెన్‌కి 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు సైనికుల కోసం చేసిన పరికరం దానికి ఆధారం. మూత తీసి తొడకి గట్టిగా నొక్కితే సూది దూసుకొస్తుంది. ఒకసారికే పనికొస్తుంది. దంశకణం చేసే పనే, ప్రాణం నిలపడానికి!

అత్తగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. పసివయసులోనే పల్లీ తినిపిస్తే అలర్జీ వచ్చే అవకాశం తగ్గుతుందని 2015లో ఒక పెద్ద పరిశోధన చూపించింది. అలర్జీ ఉన్న పిల్లలకి పల్లీ పొడిని మెల్లమెల్లగా పెంచుతూ ఇచ్చే చికిత్సకి 2020లో ఇక్కడ అనుమతి వచ్చింది. కానీ అది డాక్టరు కళ్ళెదుట, మిల్లీగ్రాముల లెక్కన మొదలయ్యే పని. మన వంటింట్లో చెంచా కొలతతో చేసేది కాదు.

నెప్ట్యూన్ కథ చెబితే అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. "పాపం, ఆ కుక్క మన వాడి కోసమే పోయిందన్నమాట" అన్నారు. మర్నాడు పెన్ను ఎలా వాడాలో నేర్పమన్నారు. ఇప్పుడు ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా ఆవిడ ముందు అడిగేది, "ఈ పులిహోరలో పల్లీలు వేశారా అమ్మా?" అని.

మీ ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా అలా అడిగితే విసుక్కోకండి. పాట్‌లక్‌కి తెచ్చే గిన్నె మీద ఒక చిన్న చీటీ అంటించండి. ఉంటాను, సెలవు.