మా వేషం ఎవరు కట్టారు?

ఇంగ్లీషు నాటకం తొలినాళ్ళలో 'మూర్' అనే వేషం ఒకటుండేది. మూర్ అంటే ఉత్తరాఫ్రికా ముస్లిం. మూర్ అంటే నల్లవాడు కూడా. మతాన్నీ రంగునూ కలిపి ఒకే మసి పూశారు. ఆ మసి పూసుకున్నది మాత్రం తెల్ల నటులే. మాట వాళ్ళది, రాత వాళ్ళది. మచ్చ మాత్రం మాది.

1578లో మొరాకోలో జరిగిన యుద్ధం మీద జార్జ్ పీల్ రాసిన 'అల్కజార్ యుద్ధం' 1594లో అచ్చయింది. అందులో దుర్మార్గుడు నల్ల మూర్. అదే ఏడు అచ్చయిన షేక్స్‌పియర్ 'టైటస్ ఆండ్రోనికస్'లో ఆరన్ కూడా అంతే. కానీ నలుపంటే అంత నీచమా అని నిలదీసిన నోరూ ఆరన్‌దే. చివరికి అతన్ని రొమ్ముదాకా మట్టిలో పాతి, ఆకలితో చావమన్నారు.

మరి నాటకశాల బయట? నల్లవాళ్ళు మరీ ఎక్కువైపోయారు, పంపించేయండని 1596లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం లేఖలు రాసింది. 1600లో అదే రాణి మొరాకో సుల్తాన్ రాయబారి అబ్దుల్ వాహిద్‌ని ఆదరంగా పిలిపించుకుంది. స్పెయిన్ మీద పొత్తు కావాలి మరి! అవసరముంటే మిత్రుడు, లేకుంటే ఎక్కువైనవాడు.

1604 నవంబరు 1న లండన్ రాజభవనంలో 'ఒథెల్లో' ఆడారు. ఒథెల్లో బాప్తిస్మం పుచ్చుకున్న మూర్. తురకల మీద యుద్ధానికి వెనిస్ పంపిన సేనాని. ఆనాటి ఇంగ్లీషులో 'టర్క్ కావడం' అంటే ముస్లిం కావడమే. మమ్మల్ని 'తురకోళ్ళు' అనే తెలుగు నోటికి ఇది వింతేం కాదు.

ఒథెల్లో ఏ పాపమూ ఎరగని భార్యను చంపాడు. ఆ నేరాన్ని మేం కడగం. కానీ చచ్చేముందు అతను చెప్పిందేమిటి? అలెప్పోలో వెనిస్ వాణ్ణి కొట్టిన తలపాగా తురకను, సున్తీ ఎత్తి తిట్టి, ఎలా పొడిచాడో చెప్తూ అదే పోటు తననూ పొడుచుకున్నాడు. నేరం చేసింది భర్త. శిక్ష పడింది తురకకి!

ఎక్కడో ఎవడో చేసిన నేరానికి మా మహల్లా మొత్తం సంజాయిషీ చెప్పుకోవడం ఇలాంటిదే. అల్లర్లలో లుంగీ విప్పించి మనిషిని తేల్చడమూ ఇలాంటిదే. విధేయత రుజువు చేసుకోవాలంటే మాలోని తురకను మేమే పొడుచుకోవాలా?

నేరం చేసినవాణ్ణి నేరస్తుడనే పిలవండి. మా పేరు పెట్టి పిలవకండి. నాలుగు వందల ఏళ్ళనాటి ఆ మసి వేషాన్ని మేం కట్టలేదు. దాని చావు మేం చావం.