పునాది దిగిపోయిన ఇళ్లు

1933 మార్చి 10, సాయంత్రం 5 గంటల 54 నిమిషాలు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ పట్టణాన్ని 6.4 తీవ్రతతో భూకంపం కుదిపింది. వంద మందికి పైగా చనిపోయారు. ఇటుక బడులు కుప్పకూలాయి. అప్పటికే పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు కాబట్టి సరిపోయింది. నెల రోజుల్లో బడుల కట్టడాలపై ఫీల్డ్ చట్టం వచ్చింది.

చరిత్ర పుస్తకాలు ఆ బడుల గురించే చెబుతాయి. నాకు మాత్రం ఆ రోజు పునాది దిగిపోయిన చెక్క ఇళ్ల గురించి చెప్పాలని ఉంది. వాటిలో చాలావాటికి చట్రం విరగలేదు, పైకప్పు ఊడలేదు. ఇల్లు ఇల్లంతా కాంక్రీటు పునాది మీద నుంచి పక్కకు జారింది, అంతే. గ్యాసు గొట్టాలు తెగడానికీ, ఇల్లు పనికిరాకుండా పోవడానికీ అదే చాలు. ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాడు వెనక్కి తూలినట్టే, నేల కదిలినప్పుడు పునాది దానితో పాటు పోతుంది, పైనున్న ఇల్లు వెనకబడుతుంది. ఇంటి బరువే దాన్ని పట్టి ఉంచుతుందనుకున్న పాతకాలం లెక్క అక్కడే తప్పింది.

దీనికి మందు అరంగుళం లావు బోల్టు. కాంక్రీటు పచ్చిగా ఉండగానే ఏడంగుళాల లోతుకు దించుతారు. లోపలి కొస వంచి ఉంటుంది, పైకి ఊడి రాకుండా. గోడ చట్రానికి అడుగున పడుకోబెట్టే చెక్కకు కొలత ప్రకారం బెజ్జాలు వేసి, బోల్టుల మీద దించి, వాషరు పెట్టి నట్టు బిగిస్తారు. ఆరడుగులకు మించని ఎడం, చెక్క ప్రతి చివర నుంచీ అడుగు లోపల ఒకటి. ఇది అక్కడి మామూలు నియమం.

నియమం పాటించిన ఇళ్లకూ 1994 జనవరి 17 తెల్లవారుజామున అదే కాలిఫోర్నియాలో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపం మరో పాఠం చెప్పింది. బోల్టు నిలిచింది, చెక్క చీలింది! గోడ ఊగుతూ ఒక అంచును పైకి లాగుతుంటే చిన్న గుండ్రటి వాషరు చెక్కను అదిమి పట్టలేకపోయింది. ఆ తర్వాత మూడంగుళాల చదరపు ఉక్కు పలకలు వచ్చాయి.

చెమ్మతో మరో తంటా. కాంక్రీటు తడిని పీల్చి చెక్కకు అందిస్తుంది, అందుకే అడుగుచెక్క కుళ్లకుండా మందు పట్టిస్తారు. అమెరికాలో 2003 ఆఖరుకల్లా ఇళ్ల చెక్కకు ఆర్సెనిక్ మందు ఆపేశారు. బదులు వచ్చిన మందుల్లో రాగి పాలు ఎక్కువ, అది మామూలు ఇనుమును తినేస్తుంది. కనుక మేకుల్లాంటి వాటికి జింకు పూత లాంటి రక్షణ అవసరమైంది.

ఇదంతా మనవాళ్లకు దూరపు సంగతి కాదు. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఫ్రీమాంట్ గుండానే హేవర్డ్ భ్రంశం, అంటే భూకంపాలు పుట్టించే నేల చీలిక, పోతుంది. 1868 అక్టోబరు 21న అది గట్టిగా కదిలింది. ఇటుక, స్లాబు ఇళ్లలో పెరిగిన మనకు గోడను నేలకు బిగించాలన్న ఆలోచనే రాదు. అక్కడ ఇల్లు కొనేటప్పుడు వాస్తు ఎంత శ్రద్ధగా చూస్తారో, 1980కి ముందు కట్టిన ఇల్లయితే టార్చి పట్టుకుని నేల కింది ఖాళీలోకి అంతే శ్రద్ధగా దూరి చూడాలి. పాత కాంక్రీటుకు రంధ్రాలు వేసి ఇప్పుడైనా బోల్టులు దించవచ్చు. పునాదికీ ఇంటి లోపలి నేలకీ మధ్య పొట్టి చెక్క గోడలుంటే వాటికి ప్లైవుడ్ కూడా కొట్టాలి, బోల్టు ఒక్కటే చాలదు. ఎంపిక చేసిన ప్రాంతాల్లో ఈ పనికి 2013లో మొదలైన ప్రభుత్వ పథకం కింద 3,000 డాలర్ల వరకు సాయం అందుతుంది.