మడ్డిలోని ప్రాణి

1516లో బవేరియా ప్రభువులు బీరు విషయమై ఒక శాసనం చేశారు. బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వాడరాదని దాని సారాంశం. బార్లీ తీపిని మద్యంగా మార్చే ఈస్టు ఊసే అందులో లేదు. అలాగని దాని ఉపయోగం అప్పటివారు ఎరుగరనుకోరాదు. ఒక విడత పులిశాక తొట్టి అడుగున మిగిలిన మడ్డిని దాచి, మరుసటి విడతలో కలిపేవారు, మనం పాలు తోడుపెట్టినట్లు. అయితే ఆ మడ్డికి ప్రాణముందని మాత్రం తెలియదు.

1837 ప్రాంతంలో ఫ్రాన్సులో కాన్యార్ ద లాతూర్, జర్మనీలో ష్వాన్, క్యుట్జింగ్ ఎవరికి వారే సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఈస్టు సజీవమని ప్రకటించారు. కుళ్ళే పదార్థపు కదలిక వల్లనే చక్కెర విడిపోతుందని నమ్మిన రసాయనవేత్త లీబిగ్‌కు ఇది మింగుడుపడలేదు. 1839లో ఆయన పత్రికలోనే పేరులేని వ్యాసమొకటి వెలువడింది. రాసినది మిత్రుడు వోలర్, మరికాస్త కారం అద్దినది లీబిగ్. ఈస్టు అంటే సారాబట్టీ ఆకారంలో ఉండే జంతువులట! చక్కెర మేసి, ఒకవైపు మద్యాన్నీ, మరోవైపు బొగ్గుపులుసు వాయువునూ విసర్జిస్తాయట! ఆ వెటకారం తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. జంతువులన్న మాటా, ఆ అవయవాలూ తీసేస్తే అది దాదాపు నిజమే గదా!

ఈ మూడో పక్షాన్ని ప్రయోగాలతో నిలబెట్టినవాడు పాశ్చర్. 1870-71 యుద్ధంలో ఓడిన ఫ్రాన్సు, బీరులోనైనా జర్మనీని మించాలన్న పంతం ఆయనది. బీరు చెడటానికి బాక్టీరియాలు కారణమని 1876 నాటి తన గ్రంథంలో చూపాడు.

నాకు అంతకన్నా నచ్చే ఘట్టం కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో జరిగింది. బాక్టీరియాలే కాదు, దారితప్పి చొరబడిన ఇతర జాతుల ఈస్టులు కూడా బీరును చేదెక్కిస్తాయని హాన్సెన్ గ్రహించాడు. ద్రావణాన్ని పలచన చేస్తూ పోయి, ఒకే ఒక్క కణాన్ని వేరుచేసి, దాని సంతతిని పెంచి, 1883లో ఆ శుద్ధమైన ఈస్టుతో బీరు తయారుచేయించాడు. యజమాని యాకబ్‌సెన్ దానిని రహస్యంగా దాచుకోలేదు, అడిగిన పోటీదారులకూ ఉచితంగా పంచాడు. 1845లో ఆయన మ్యూనిక్ నుండి ఈస్టు తెచ్చుకున్నప్పుడు, దారిలో బండి ఆగిన చోటల్లా దానిపై చన్నీళ్ళు పోస్తూ బతికించాడని చెబుతారు. అరువు తెచ్చుకున్న తోడు విలువ ఆయనకు తెలుసు మరి.

1897లో బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి రసం పిండాడు. సజీవకణం లేకున్నా ఆ రసంలో చక్కెర పులిసింది. ఇది రసాయన చర్యేనన్న లీబిగ్ పట్టుకు అలా కొంత బలం చేకూరింది. ఆ తీర్పు వినటానికి 1873లో పోయిన లీబిగూ, 1895లో పోయిన పాశ్చరూ లేరు.