దూరవైద్యము - చేరువ మాట

వైద్యుడు రోగి చేయి పట్టుకొని నాడి చూచుట, నాలుక చాపుమనుట, "ఎప్పటినుండి ఈ బాధ?" అని అడుగుట - తరతరములుగా మనము ఎరిగిన వైద్యము ఇదియే. మొదటి రెంటికి దూరము అడ్డు. మూడవదానికి భాష అడ్డు. దూరమను అడ్డును తొలగించుటకు మానవుడు నూరేండ్లకు పైగా పాటుపడి చాలవరకు గెలిచినాడు. భాషయను అడ్డు మాత్రము తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందలి మధుమేహ రోగులకు నేటికిని పూర్తిగా తొలగలేదు. ఆ కథను ఇచట క్లుప్తముగా చెప్పుకొందము.

1905లో హాలెండు దేశమున లైడెన్ నగరమందు ఐంతోవెన్ అను శాస్త్రజ్ఞుడు, ఆసుపత్రిలోనున్న రోగి గుండె కదలికను టెలిఫోను తీగ మీదుగా ఒకటిన్నర కిలోమీటరు దూరమునగల తన ప్రయోగశాలకు రప్పించి గీతలుగా నమోదు చేసెను. అటుపిమ్మట నడిసముద్రము వంతు వచ్చినది. ఓడలో జబ్బుపడినవానికి వైద్యుడెక్కడ? 1935లో రోము నగరమున నెలకొన్న అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రము నిస్తంత్రి ద్వారా ఓడలకు సలహాలిచ్చుటకు పూనుకొన్నది.

కాని ఓడవాడు జపానువాడై, వైద్యుడు ఇటలీవాడైనచో ఏమి దారి? ఈ చిక్కును నావికులు ముందే గుర్తించినారు. 1930లో సిద్ధమైన అంతర్జాతీయ సంకేత గ్రంథము ఏడు భాషలలో వెలువడినది. అందు వైద్యమునకు ప్రత్యేక భాగము కలదు. 1965లో ఆమోదము పొందిన గ్రంథములో "ఎం" అక్షరముతో ఆరంభమగు సంకేతములు వైద్యమునకే కేటాయింపబడినవి. "ఎం ఏ ఏ" అనినచో "మాకు తక్షణము వైద్య సలహా కావలెను" అని అర్థము. ఎవరి భాషలోని గ్రంథమును వారు తెరచి చూచుకొన్నచో చాలును. ఇరువురికిని ఒకే అర్థము దొరకును.

ఇక మన నేల సంగతి. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రము వెలసినది. అక్షరము రానివారికి సైతము తెలుగున ఆరోగ్య విషయములు ఇంటిలో కూర్చుండి వినుటకు వీలు కలిగినది. అయితే రేడియో చెప్పును గాని బదులు వినదు. 2000 మార్చి 24న చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున దూరవైద్య కేంద్రము ప్రారంభమైనది. నాడు హైదరాబాదునకు వచ్చియున్న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ అచటినుండియే దానిని ప్రారంభించెను. 2007లో 104 సంఖ్యకు ఫోను చేసినవారికి తెలుగున వైద్య సలహా చెప్పు ఏర్పాటు వచ్చినది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశమున ఈ-సంజీవని మొదలైనది. పల్లెలోని ఆరోగ్య కేంద్రమున రోగి ప్రక్కన ఆరోగ్య కార్యకర్త కూర్చుండును. తెరమీద వైద్యుడు కనబడును. 2020 మార్చి 25న దేశమంతటికిని దూరవైద్య మార్గదర్శకములు వెలువడినవి.

ఇన్ని జరిగినను మధుమేహమునకు మాట యేల ఇంత ముఖ్యము? 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారి కృషితో ఇన్సులిను చేజిక్కినది. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి దానిని తొలిసారి ఇచ్చినారు. అంతకుముందు ఆ బాలునివంటి రోగులకు కటిక పథ్యము తప్ప శరణ్యము లేకుండెను. ఇన్సులిను ప్రాణము నిలిపినది. దానితోబాటు ఒక క్రొత్త బాధ్యతను కూడ తెచ్చినది. శస్త్రచికిత్స వైద్యుడు చేయును. ఇన్సులిను కొలుచువారు, సూది పొడుచువారు, అన్నము తగ్గించువారు మాత్రము రోగియో, అతని యింటివారో. కాబట్టి ఆ ఇంటివారికి అర్థముకాని వైద్యము వైద్యమే కాదు.

ఒక చిన్న ఉదాహరణ. మన దేశమున సీసాలలో వచ్చు ఇన్సులిను సాధారణముగ మిల్లీలీటరునకు 40 యూనిట్లు. కలమువంటి పరికరములలో వాడునది 100 యూనిట్లు. మొదటిదానికి తగిన సిరంజి మూత ఎరుపు, రెండవదానికి తగినదాని మూత నారింజరంగు. 40 రకపు మందును 100 రకపు సిరంజితో 20 గీత వరకు తీసినచో ఒంటికి చేరునది 8 యూనిట్లే. 100 రకపు మందును 40 రకపు సిరంజితో అంతే తీసినచో 50 యూనిట్లగును, అది ప్రాణాపాయము. "ఇరవై వేసుకొనుడు" అను మాట తెరమీద స్పష్టముగనే వినబడవచ్చును. ఏ సీసా, ఏ సిరంజి అనునది ఎవరు అడిగినారు?

తెలుగువారికే ఈ చిక్కు కలదు. "ఫాస్టింగ్" అనిన ఉపవాస వ్రతమేమోయని తలచువారు "పరగడుపున" అనిన వెంటనే గ్రహింతురు. "హైపో" అనినచో తెలియనివారికి "చెమటలు పట్టి, చేతులు వణకి, కళ్ళు తిరిగినచో, స్పృహ ఉండగనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగుడు" అని చెప్పినచో తెలియును. పాదముల తిమ్మిరిని పల్లెవారు "చీమలు పాకినట్లున్నది" అందురు. ఆ మాటను వైద్యుడు ఎరిగియుండవలెను.

మరి తెలుగు ఇంటి భాష కానివారి మాటయేమి? ఉర్దూ మాటాడు కుటుంబములు తెనాలిలోను బాపట్లలోను కలవు. బాపట్ల చెంతనున్న స్టువార్టుపురము 1913 ప్రాంతమున ఎరుకలవారి కొరకు వెలసిన ఊరు. ఎరుకల భాష ద్రావిడ భాష, తమిళమునకు దగ్గరి చుట్టము. అచటివారు తెలుగు ఎరుగుదురు. అయినను అరికాలి మంటను, రాత్రి పదేపదే లేవవలసి వచ్చు అవస్థను చెప్పుకొనుటకు ఒక ముసలమ్మకు ఇంటి భాషయే నోటికి వచ్చును. అట్టివేళ మనుమని చేత మాట మార్పించుట మన అలవాటు. ఆ పిల్లవాని ఎదుట ఆమె కొన్ని చెప్పదు. చెప్పినవానిలో అతడు కొన్ని వదలివేయును.

2023లో వెలువడిన జాతీయ పరిశోధన ప్రకారము మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడినారు. ఇంతటి వ్యాధికి నావికుల పాఠము పనికివచ్చును. ఇరువది, ముప్పది ముఖ్యమైన ప్రశ్నలను ముందే ఎంచి, వానిని తెలుగున, ఉర్దూలో, ఎరుకల భాషలో ఆయా ఇండ్లవారి గొంతుతోనే పలికించి ఆరోగ్య కేంద్రములలో ఉంచవచ్చును. చదువ రానివారికి సీసా, సిరంజి బొమ్మలు చూపవచ్చును. అన్నిటికంటె చౌకయైన ఉపాయము మరియొకటి కలదు. "అర్థమైనదా?" అని అడిగిన ఎవరైనను తల ఊపుదురు. "ఇంటికి వెళ్ళి ఏమి చేయుదువో నాకు చెప్పుమమ్మా" అని అడిగినచో పొరపాటు అక్కడనే బయటపడును. తెరకు ఈవలనున్న మనము కూడ, తెలియని మాట వినబడినప్పుడు, సిగ్గుపడక మరల అడుగుట నేర్చుకొనవలెను.