దక్షిణ తెలంగాణ (తెలుగు సినిమాలో)

నల్లగొండ, పాలమూరు మనుషులను, వారి మాటను తెలుగు సినిమా చూపిన తీరు. అమెరికాలో 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' (1915)లో తెల్లనటులు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లజాతివారి వేషం కట్టారు. అక్కడ పేచీ రంగు మీద. ఇక్కడ యాస మీద, కులం మీద.

'చెంచులక్ష్మి' సినిమాల్లో నాయికగా 1943లో కమలా కోట్నీస్, 1958లో అంజలీదేవి నటించారు. అమ్రాబాద్ పెంటల్లోని (గూడేల్లోని) చెంచుల బతుకు ఆ పురాణకథలో లేదు. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు జానపద కథానాయకుడయ్యారు. తుంగతుర్తి నుంచి వచ్చిన డాక్టర్ ప్రభాకర్‌రెడ్డి ప్రతినాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. ఊరివాళ్లు తెర మీదికొచ్చినా ఇంటిమాట రాలేదు.

ఆ మాట 'మా భూమి' (1979)తో వచ్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తీసిన ఈ చిత్రానికి బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు. ఇతివృత్తం తెలంగాణ సాయుధ పోరాటం. ఆ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిదే. నల్లగొండ పోరాటయోధుడు బండి యాదగిరి కట్టిన పాటను గొంగడి వేసుకున్న గద్దర్ తెరపై పాడారు.

నర్సింగరావు స్వయంగా తీసిన 'దాసి' (1988) అంతకన్నా లోతైన చిత్రం. గడిలో (దొర భవంతిలో) దాసి కమలాక్షికి దొర వల్ల కడుపొస్తుంది, దాన్ని తీయించుకోమంటారు. మాటలు తక్కువ. మౌనం, చూపు, కట్టుబొట్టు కథను నడుపుతాయి. అర్చన ఉత్తమ నటిగా, మిర్యాలగూడకు చెందిన పిట్టంపల్లి సుదర్శన్ దుస్తుల రూపకల్పనకు, వైకుంఠం కళాదర్శకత్వానికి, ఎ.కె.బీర్ ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారాలు పొందారు. ఆ తర్వాత సుదర్శన్ పేరు 'దాసి సుదర్శన్'గానే నిలిచింది.

వ్యాపార చిత్రాల్లో మాత్రం యాస దుర్మార్గుడి నోటికే పోయింది. 'ప్రతిఘటన' (1985)లో కోట శ్రీనివాసరావు మంత్రి పాత్ర దానికి పేరుపడిన ఉదాహరణ. నటన గొప్పదే, ఆ యాసంటే దుర్మార్గుడే అని ప్రేక్షకుడికి అలవాటైన పోలిక మాత్రం మంచిది కాదు. 'ఒసేయ్ రాములమ్మ' (1997)లో విజయశాంతి అదే యాసను నాయికకు తెచ్చారు. 'కుబుసం' (2002)కు పాలమూరు గౌరారం కవి గోరటి వెంకన్న పాట రాశారు. నల్లగొండ జిల్లాకు చెందిన ఎన్.శంకర్ 2011లో 'జై బోలో తెలంగాణ' తీశారు.

'మల్లేశం' (2019) ఆలేరు మండలం శారాజీపేట నేతగాడు చింతకింది మల్లేశం జీవితకథ. నేతకు ముందు నూలు ఆసు పోసే తల్లి చెయ్యి ఒక్క చీరకే కొయ్యల మధ్య వేలసార్లు తిరుగుతుంది. ఆ భుజం నొప్పి చూడలేక కొడుకు యంత్రం కడతాడు. తల్లిగా ఝాన్సీ, కొడుకుగా ప్రియదర్శి. ఇందులో యాస నవ్వించడానికి రాదు, నొప్పి చెప్పుకోవడానికి వస్తుంది.