విండెబీ పిల్లకు కట్టిన కథ

మా జేజికి ఒక చెల్లెలుండేది. కరువేడాది కూలికని బళ్ళారి వైపు పోయి మళ్ళీ రాలేదు. "లేచిపోయింది" అని ఊరు ఒక్క మాటలో తేల్చేసింది. జేజి మాత్రం బతికినన్నాళ్ళూ "అది ఆకలికి పోయింది" అనేది. ఎవరూ వినలేదు, నేను కూడా.

ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది జర్మనీలో దొరికిన ఒక శవం గురించి చదువుతున్నప్పుడు. 1952లో విండెబీ దగ్గర పీట్ మట్టి తవ్వుతుంటే అది బయటపడింది. పీట్ అంటే నాచు, నీళ్ళలో పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళు పేరుకున్న నల్లని నేల. గాలి చొరబడదు, నీళ్ళలో పులుపెక్కువ. అందులో పడ్డ మనిషి చర్మం తంగేడు చెక్క నీళ్ళలో నానేసిన తోలులా నిలిచిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మా అనంతపురం ఎర్రనేలలో ఇలాంటిది ఊహించను కూడా లేం.

సుమారు రెండువేల ఏళ్ళనాటి ఆ శవాన్ని పద్నాలుగేళ్ళ ఆడపిల్ల అన్నారు. తలకు ఒకవైపు జుట్టు లేదు. కళ్ళమీద ఉన్ని పట్టీ. కొన్ని వారాలకే దగ్గర్లో ఒక మగవాడి శవం దొరికింది. ఇంకేం, కథ సిద్ధం! జర్మన్ తెగల్లో తప్పుచేసిన భార్యకు జుట్టు కత్తిరించి ఊళ్ళో తరిమేవారని రోమన్ రచయిత టాసిటస్ రాశాడు. ఆ వాక్యం తెచ్చి ఈ తలకు అతికించారు. పి.వి. గ్లోబ్ 1965లో రాసిన పుస్తకంతో ఆ కథ దేశాలు తిరిగింది. 1975 నాటి సంపుటిలో షేమస్ హీనీ ఆమె మీద కవిత రాశాడు. జాలిపడ్డాడు, నిజమే. ఆ జాలి కూడా ఆమె తప్పు చేసిందన్న లెక్కమీదే.

తర్వాత కార్బన్ పరీక్షల్లో ఆ "ప్రియుడు" సుమారు మూడు శతాబ్దాలు ముందువాడని తేలింది. 2000 తర్వాత హెదర్ గిల్-రాబిన్సన్ అనే పరిశోధకురాలు ఎముకల్ని మళ్ళీ పరిశీలించి, ఇది బహుశా పదహారేళ్ళ అబ్బాయిది అన్నారు. పట్టీ జుట్టుకు కట్టుకున్నదే, కిందికి జారి ఉండొచ్చు. జుట్టు తవ్వకంలో పోయి ఉండొచ్చు. అబ్బాయి అనగానే ఎవరితో పోయాడని అడగడం మానేశారు, గమనించారా?

కాలి ఎముకలో మాత్రం గీతలున్నాయి. తిండి లేకో, జబ్బు చేసో ఎదుగుదల ఆగినప్పుడు పడే గీతలు. వాటి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కథ కట్టినవాళ్ళు తలనే చూశారు. కరువు సీమ మనిషైతే ముందు కాలు చూసేదేమో. (అతిశయమే, ఒప్పుకుంటాను.)

మా దగ్గర గుర్తుపెట్టుకోవడం లేదని కాదు. 1434లో భర్త చితిలో కాలిపోయిందని చెప్పుకునే తిమ్మమ్మకు కదిరి దగ్గర సుమారు 5 ఎకరాల మర్రిమాను ఉంది. పిల్లల్లేనివాళ్ళు వెళ్ళి మొక్కుకుంటారు. జేజి చెల్లెలికి ఫోటో కూడా లేదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అరుగు మీద ముసలాయన అడిగాడు, "లేచిపోయిన ఆయమ్మ అక్క మనవరాలివి కదా నువ్వు?"

"కూలికి పోయిన ఆయమ్మ, తాతా" అన్నాను.